రెండో మాట

ఆ గదిలో ఏ మాటా ఒక్కసారి అనరు.

ఒక పక్క ఉతికే డ్రమ్ములు దొర్లుతుంటాయి, ఇంకో పక్క ఆవిరి గొట్టాలు బుసకొడుతుంటాయి. మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా రొద పెడుతూనే ఉంటుంది. పెద్దాసుపత్రి పడకల మీది దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు అన్నీ ఊరి పాలకసంఘం నడిపే ఆ లాండ్రీకే వస్తాయి. పనిచేసేవాళ్లంతా చెవుల్లో దూది కుక్కుకుంటారు. అందుకని ఎవరు ఎవరికి ఏం చెప్పాలన్నా రెండుసార్లు చెబుతారు. మొదటిది అవతలి మనిషి తల ఎత్తడానికి, రెండోది వినడానికి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో నవ్వుకుంటారు. వారం తిరిగేసరికి వాళ్లూ "బండి జరుపు, బండి జరుపు" అంటూ తిరుగుతారు. ఇళ్లకు పోయాక కూడా ఆ అలవాటు పోదు. "నాకు చెవుడనుకున్నావా?" అని మొగుళ్లు విసుక్కుంటారు.

రోలరు ముందు నిలబడే పని ఇద్దరాడవాళ్లది. ఒకరు ఆమె, ఇంకొకరు పెద్దక్క. పెద్దక్క వయసులోనూ పెద్ద, పనిలోనూ పెద్ద. సూపర్‌వైజరుతో సహా అందరికీ పెద్దక్కే. ఇద్దరూ దుప్పటికి చెరో కొస పట్టుకుని దులిపి, అంచు సాపుచేసి రోలరు నోటికి అందిస్తారు. అరచేతులతో ముడత తోస్తూ, వేడి తగలబోయే ముందు చేతులు వెనక్కి తీసుకుంటారు. దుప్పటి లోపలికి పోయి అవతలి పక్క వెచ్చగా, చదునుగా బయటికొస్తుంది. అక్కడ మడతపెట్టేవాళ్లు అందుకుంటారు. అప్పుడప్పుడు ఏ గౌను నాడానో దుప్పట్లో ఇరుక్కొచ్చి రోలరుకు చుట్టుకుంటుంది. ఆమె తన వైపున్న లీవరు లాగి రోలరు ఆపుతుంది. పెద్దక్క వంగి, సన్నటి చేతిని సందులోకి పోనిచ్చి నాడా ఊడబెరుకుతుంది. నాడా బయట కనబడగానే ఆమె అంటుంది, "తిప్పుతున్నా, తిప్పుతున్నా." మొదటి మాటకు పెద్దక్క తల ఎత్తుతుంది. రెండో మాటకు చెయ్యి బయటికి తీస్తుంది. అప్పుడు లీవరు. ఏళ్ల తరబడి అలాగే జరుగుతోంది.

నిజానికి మనుషులు ఇంత జాగ్రత్త పడనక్కర్లేదు. రోలరు నోటి ముందు ఒక ఇనుప అడ్డుపట్టీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలిందంటే యంత్రం దానంతటదే ఆగిపోవాలి, ఆ చెయ్యి తీసేదాకా తిరగకూడదు. ఆ పట్టీ స్ప్రింగు ఎప్పుడో పాడై, ఏమీ తగలకపోయినా ఊరికే ఆగడం మొదలుపెట్టింది. పని సాగడం లేదని సూపర్‌వైజరు పట్టీని పైకెత్తి తీగతో కట్టేశాడు. బాగుచేయించమని అడిగితే పైకి రాశానన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ రాశానన్నాడు. ఆ పైన ఎవరున్నారో, వాళ్లకు చదవడం వచ్చో రాదో ఎవరికీ తెలియదు.

అందుకే ఆమె ప్రజల గంటకు వెళ్లింది. ప్రతి సోమవారం పాలకసంఘం హాల్లో ఛైర్మన్ గారు ఒక గంటసేపు జనం చెప్పేది వింటారు. అదంతా ఫోన్లలో లైవ్ వస్తుంది. "నువ్వెళ్లవే, నీకు గొంతుంది" అని పెద్దక్కే పంపింది. గొంతుంది, నిజమే. కానీ ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి, ముందు మైకు. భయపడ్డప్పుడు మనిషికి అలవాటైన మాటతీరే నోటికొస్తుంది. ఆమెకు లాండ్రీ మాటతీరు వచ్చింది.

"అడ్డుపట్టీ, అడ్డుపట్టీ పాడైందండీ, పాడైంది. తీగతో కట్టేశారు, తీగతో కట్టేశారు. చేతులు పోతాయి, చేతులు పోతాయి."

మైకు కీచుమంది. ముందువరసలో ఒకాయన చెవులు మూసుకున్నాడు. ఛైర్మన్ గారు చిరునవ్వు నవ్వి, "విన్నామమ్మా, విన్నాం" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆమె కూడా కాస్త నవ్వింది. పెద్దమనిషి సరదాపడ్డాడు కదా, పని అవుతుందేమోననుకుంది. అప్పటికే తర్వాతి మనిషిని పిలిచేశారు.

మర్నాడు మురికి దుప్పట్ల మూటలు దించడానికి వచ్చిన వ్యాను డ్రైవరు ఆమెను చూసి మూట అక్కడే వదిలేశాడు. "అక్కా, నువ్వేనా, నువ్వేనా?" అని తన జోకుకు తనే నవ్వుకుని, ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. అందులో ఆమె ఉంది. చేతులు ఊపుతోంది. ఎవరో ఆమె మాటలకు డప్పు కలిపారు. "చేతులు పోతాయి, చేతులు పోతాయి" అన్న దగ్గర మళ్లీ మళ్లీ తిప్పారు. మధ్యలో ఒక కోతి వచ్చి చప్పట్లు కొట్టింది. చివర ఛైర్మన్ గారి "విన్నామమ్మా, విన్నాం", దాని వెనకే హాలు నవ్వు. కింద జనం రాసినవి డ్రైవరే చదివి వినిపించాడు. డబులక్క. కామెడీ పీస్. ఈమెను మైకు దగ్గరికి ఎవర్రా పంపింది. నవ్వలేక చచ్చా, నవ్వలేక చచ్చా.

ఆమె చివరిదాకా వింది. అడ్డుపట్టీ అంటే ఏమిటని అందులో ఒక్కరూ అడగలేదు.

"ఆ ఫోను జేబులో పెట్టుకుంటావా, డ్రమ్ములో వేసి తిప్పమంటావా?" అంది పెద్దక్క.

డ్రైవరు మూట లోపల పడేసి వెళ్లిపోయాడు. పెద్దక్క దుప్పటి కొస ఆమె చేతికిచ్చి, "పట్టు, పట్టు" అంది. ఆమె పట్టుకుంది. ఆ రోజంతా ముఖంలోంచి వేడి దిగలేదు. అది రోలరు వేడి కాదని ఆమెకు తెలుసు.

ఆమె కూతురు కాలేజీలో కొత్తగా చేరింది. రెండ్రోజుల తర్వాత ఆ పిల్ల ఇంటికొచ్చి, భుజం మీది సంచి కూడా తియ్యకుండా కుర్చీలో కూర్చుంది.

"ఏమైందే, ఏమైంది?" అంది తల్లి వంటింట్లోంచి.

కూతురు కళ్లు మూసుకుంది. "ఒక్కసారి అడుగమ్మా."

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. కూతురు నేల చూస్తూ చెప్పింది. క్లాసులో లేచి పాఠం మీద నాలుగు మాటలు మాట్లాడాలట. ప్రతి వాక్యం చివరి మాటా వెనక బెంచీల నుంచి ఇంకోసారి వినిపించిందట. లెక్చరరు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడట. ఆమె కూతురని అందరికీ ఎలా తెలిసిందో తెలియదు, కానీ తెలిసింది. డబుల్ అన్న మాట ఇప్పుడు కాలేజీ అంతా ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే చాలు, డబుల్ కొడుతున్నాడంటారు. హాస్టల్లో నీళ్లు రావట్లేదని చెప్పడానికి వెళ్లిన ఆడపిల్లల్ని చూసి వార్డెన్ "వచ్చింది డబుల్ బ్యాచ్" అందట. వాళ్లు సిగ్గుపడి మాట్లాడకుండా తిరిగొచ్చేశారట.

"మరి నీళ్లు?"

"నీళ్ల సంగతి ఎవరిక్కావాలమ్మా? నువ్వు కావాలని అలా మాట్లాడవని నాకు తెలుసు. కానీ నువ్వు నోరు తెరిస్తే నాకు ఆ డప్పే వినిపిస్తోంది."

తల్లి గొంతు సొంత బిడ్డకే నగుబాటు అయింది. పెద్దవాళ్లు నవ్వితే నవ్వనీ అనుకోవచ్చు. డ్రైవరు నవ్వితే తిట్టిపొయ్యొచ్చు. ఈ పిల్లనేం చేస్తుంది? పక్కన కూర్చుని తల నిమిరింది. "నేర్పు తల్లీ," అంది. రెండోసారి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

కూతురు తల ఎత్తి చూసింది. ఆ సాయంత్రమే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. తల్లి రెండోసారి అనబోతే కూతురు చూపుడువేలు ఎత్తుతుంది. తల్లి ఆపెయ్యాలి. మొదటిరోజు ఆ వేలు దిగితే ఒట్టు. "నా చెయ్యి నొప్పి పుడుతోందమ్మా" అని కూతురు నవ్వేసింది, తల్లికీ నవ్వాగలేదు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి అప్పటికి చాలా రోజులైంది. మర్నాడు కొంచెం తగ్గింది. ఆ మర్నాడు ఇంకొంచెం. "తలుపు తియ్" అని ఒక్కసారే అని, ఆమె గుమ్మంలో ఓపిగ్గా నిలబడడం నేర్చుకుంది. ఆదివారం భోజనం మొత్తం వేలు లేవకుండా అయిపోయింది. కూతురు వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, "మా అమ్మ తోపు" అంది. అంత పొగడ్త ఆమె జన్మలో వినలేదు. గిన్నెలు కడుగుతున్నంతసేపూ అదే తలుచుకుంది.

లారీ మీద దూరం వెళ్లిన భర్త ఆ రోజే ఫోన్ చేశాడు. "నీ పాట ఇక్కడిదాకా వచ్చింది. డ్రైవర్లందరి ఫోన్లలోనూ అదే."

"నువ్వేమన్నావ్?"

"నేనేమంటాను? నువ్వు మా ఆవిడవని చెప్పలేదులే," అన్నాడు, ఏదో సాయం చేసినవాడిలా. ఆమె సరేనని పెట్టేసింది.

వెక్కిరించేవాళ్లు ఒక రకమైతే, మెచ్చుకునేవాళ్లు ఇంకో రకం. ఛైర్మన్ గారంటే పడనివాళ్లు ఊళ్లో కొంతమంది ఉన్నారు. వాళ్లు అదే వీడియో తీసుకుని కోతిని తీసేసి సింహాన్ని పెట్టారు. ఆమె తల మీద కిరీటం గీశారు. డబులక్క ఫైర్, డబులక్క క్వీన్, ఛైర్మన్‌కి ఇచ్చిపడేసింది అని రాశారు. పెద్దక్క మనవడి ఫోన్లో దాన్ని చూసి ఆమె చాలాసేపు ఆలోచించింది. తను ఎవరికీ ఏమీ ఇచ్చి పడెయ్యలేదు. స్ప్రింగు వెయ్యమని అడిగింది.

వాళ్ల తరపున ఒక అమ్మాయి భోజనాల వేళ లాండ్రీ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో ఫోను, దానికో చిన్న మైకు. పెద్దక్కా ఆమే మెట్ల మీద కూర్చుని డబ్బాలు మూస్తున్నారు.

"అక్కా, మీకెంత ఫాలోయింగ్ ఉందో తెలుసా? మా వాళ్లంతా మీ ఫ్యాన్సే. రెండు మాటలు మాట్లాడండి చాలు."

"లోపలికి రామ్మా, పట్టీ చూపిస్తా. కట్టిన తీగ కూడా కనిపిస్తుంది," అంది ఆమె లేస్తూ.

"అది తర్వాత కలుపుతాం అక్కా. ముందు ఆ డైలాగ్ చెప్పండి. చేతులు పోతాయి..."

"చేతులు పోతాయి," అంది ఆమె.

ఆ అమ్మాయి ఫోను వెనకనుంచి తల పక్కకు పెట్టి చూసింది. "ఇంకోసారి?"

"చెప్పాగా."

"అదే అక్కా, మీ స్టైల్లో. రెండుసార్లు. దానికే కదా జనం పిచ్చెక్కిపోతున్నారు."

ఆమె చీర కొంగు సర్దుకుంది. "ఇప్పుడలా మాట్లాడట్లేదమ్మా. మానేశా."

"అయ్యో, మానెయ్యకండి అక్కా. మీ బ్రాండే అది."

పెద్దక్క డబ్బా సంచిలో పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "తిట్టేవాళ్లకీ అదే కావాలి, పొగిడేవాళ్లకీ అదే కావాలి. ఆ పట్టీ మాత్రం ఎవ్వరికీ అక్కర్లేదు. పదవే, దుప్పట్లు ఆరిపోతే ముడతలు పోవు."

అమ్మాయి కాసేపు గేటు బోర్డును, పోయే వ్యాన్లను వీడియో తీసుకుని వెళ్లిపోయింది. లోపలికి మాత్రం రాలేదు.

లోపల గది కూడా మునుపటిలా లేదు. మడతపెట్టే పడుచువాళ్లు "దుప్పటి, దుప్పటి" అనబోయి కిసుక్కున నవ్వేవాళ్లు. సూపర్‌వైజరు హాజరు వేస్తూ ఆమె దగ్గరికొచ్చేసరికి "వచ్చావా, వచ్చావా" అనేవాడు. దాంతో అందరికీ మాట బరువైపోయింది. కొందరు చేత్తో తట్టి చెప్పడం మొదలుపెట్టారు, కొందరు చెప్పడమే మానుకున్నారు. ఆమె అయితే ఏదైనా కావాలంటే అవతలి మనిషి దగ్గరిదాకా నడిచి వెళ్లి చెవిలో చెప్పి వచ్చేది. పెద్దక్కకు ఒళ్లు మండింది.

"ఏంటే, నోట్లో నోట్లో గొణుక్కుంటావ్? నాకు సగం వినపడట్లేదు, సగం వినపడట్లేదు."

"ఒక్కసారి చెప్తే చాలదా అక్కా?"

"ఇక్కడ చాలదు."

లీవరు దగ్గర మాత్రం ఆమె ఇంకా రెండుసార్లే అనేది. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసుకుని, దొంగతనం చేస్తున్నట్టుగా అనేది. పెద్దక్క చెయ్యి బయటికొచ్చేది.

ఇంకో సోమవారం ఆమె మళ్లీ ప్రజల గంటకు వెళ్లింది. పట్టీ సంగతి తేల్చాలని ఒకటి, ఈసారి సరిగ్గా మాట్లాడి ఆ మొదటి వీడియోను మరిపించాలని ఇంకొకటి. వాక్యం కూతురే తయారుచేసింది. అద్దం ముందు నిలబెట్టి చెప్పించింది. నెమ్మదిగా, ఒక్కసారి, చేతులు కదపకుండా.

హాలు నిండిపోయి ఉంది. ఆమెను చూసి ఎవరో ఈల వేశారు. ఆమె కంటే ముందు ఒక ముసలాయన లేచాడు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి ముందు మురుగు పొంగుతోందని, మనవరాలికి జ్వరం తగ్గడం లేదని చెప్పుకొస్తున్నాడు. వెనక నుంచి ఎవరో సన్నటి గొంతుతో "తగ్గడం లేదు" అన్నారు. నవ్వులు. ఆయన తిరిగి చూశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. ఛైర్మన్ గారు "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అన్నారు. దానికి జనం ఇంకా నవ్వారు, ఛైర్మన్ గారూ నవ్వారు. ముసలాయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పాల్సింది చెప్పకుండానే కూర్చున్నాడు. ఆయన మెడ వెనక ఎర్రబడడం ఆమె చూసింది. తన నోటి మాటే ఈయన నోరు నొక్కిందనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

ఆమె వంతు వచ్చింది. ఒక్కసారిగా ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆమె మైకుకు జానెడు దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"లాండ్రీ రోలరు అడ్డుపట్టీ ఇంకా బాగుచెయ్యలేదండీ. మా చేతులకు ప్రమాదం."

హాలు ఆగింది. అందరూ ఇంకో మాట కోసం చూశారు. అది రాలేదు. వెనక వరసలో ఎవరో "అంతేనా?" అన్నారు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఛైర్మన్ గారు పక్కనున్న గుమాస్తా వైపు చూడకుండానే "నోట్ చేసుకోండి" అన్నారు. గుమాస్తా అప్పటికే తర్వాతి మనిషి పేరు చదువుతున్నాడు. గుమ్మం దగ్గర, మొన్న గేటుకు వచ్చిన అమ్మాయి ఎదురైంది. "ఏంటక్కా, పవర్ తగ్గిపోయింది?" అని ఫోను సంచిలో వేసుకుంది.

బయట ఎండలో నిలబడి ఆమె కూతురు పంపిన మెసేజి చూసుకుంది. సూపర్ అమ్మా, ఎవ్వరూ నవ్వలేదు. నిజమే, ఎవ్వరూ నవ్వలేదు. ఎవ్వరూ వినలేదన్న సంగతి అప్పుడామెకు తట్టలేదు. పిల్ల సంతోషించింది, అంతే చాలనుకుంది.

మర్నాడు దుప్పట్లు ఎక్కువ వచ్చాయి. ఆసుపత్రిలో ఏదో వార్డు కడిగించారట. సూపర్‌వైజరు తొందరపెడుతున్నాడు. పొద్దుటి నుంచి ఇద్దరూ నడుం ఎత్తకుండా చేశారు. మధ్యాహ్నం దాటాక ఒక దుప్పట్లోంచి గౌను నాడా వచ్చి చుట్టుకుంది. ఆమె లీవరు లాగింది. పెద్దక్క వంగి చెయ్యి పోనిచ్చింది. రోలరు ఆగినా డ్రమ్ములు ఆగవు, గొట్టాలు ఆగవు. నాడా కొస పెద్దక్క ఎడమచేతిలోకి వచ్చింది. ఇంకో పీలిక లోపల మిగిలిందేమో, కుడిచేతి వేళ్లతో తడుముతోంది.

"తిప్పుతున్నా," అంది ఆమె.

పెద్దక్క తల ఎత్తింది. ఆమె ముఖంలోకి చూసింది. ఆమెకు అదే నిమిషంలో వెనక మడతబల్ల దగ్గర పడుచువాళ్లు ఎందుకో నవ్వుకోవడం కనిపించింది. రెండో మాట నాలుక మీదికొచ్చింది. కూతురి వేలు కళ్లముందు లేచింది. ఆమె మాట మింగేసి లీవరు తోసింది.

పెద్దక్క అరిచిందో లేదో ఎవరికీ వినిపించలేదు. నోరు తెరుచుకుని ఉండడమే కనిపించింది. ఆమె లీవరు వెనక్కి లాగింది, రెండు చేతులతో వేలాడింది. "ఆపండి, ఆపండి, ఆపండి" అని అరుస్తోంది. ఆగిపోయిన దాన్ని ఇంకెవరు ఆపాలో ఆమెకే తెలియదు. రోలరు విప్పి చెయ్యి తియ్యడానికి ముగ్గురు మగవాళ్లు కావాల్సొచ్చింది. ఆ చేతిలో బొటనవేలు, దాని పక్క వేలు మిగిలాయి.

ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసింది. వెక్కిరించేవాళ్లు వెక్కిరించారు. ఒక చెయ్యే పోయింది కదా, డబుల్ ఎక్కడ అని ఒకడు రాస్తే, దానికి వేలమంది నవ్వు బొమ్మలు పెట్టారు. పొగిడేవాళ్లు కిరీటం బొమ్మ మళ్లీ బయటికి తీశారు. డబులక్క అప్పుడే చెప్పింది, లెజెండ్ అన్నారు. పోయింది డబులక్క చెయ్యే అనుకుని, క్వీన్ చేతికి న్యాయం కావాలని ఊరంతా పంచారు. సమస్యను తమ దృష్టికి స్పష్టంగా ఎవరూ తీసుకురాలేదని, మొత్తం విచారిస్తామని ఛైర్మన్ గారు ప్రకటించారు.

మర్నాడు పొద్దున్నే ఒక మెకానిక్ వచ్చాడు. తీగ కత్తిరించాడు. జేబులోంచి చిటికెనవేలంత స్ప్రింగు తీసి పట్టీకి బిగించాడు. కర్రతో తగిలించి చూశాడు, రోలరు ఆగింది. కర్ర తీశాడు, లీవరు తోస్తే తిరిగింది. మిగతావాళ్లు టీ తాగి వచ్చేలోపే పని అయిపోయింది. ఆమె లీవరు పక్కన నిలబడి అదంతా చూసింది. పెద్దక్క ఉండే చోట ఎవరూ లేరు. నేల మీద పాత తీగ ముక్క పడి ఉంది. ఆమె వంగి దాన్ని తీసి పారేసింది, ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని.

ఆసుపత్రికి కూతురు కూడా వస్తానంది. పాలు ఫ్లాస్కులో పోసుకుని తనే పట్టుకుంది. పెద్దక్క కిటికీ పక్క మంచం మీద ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టారు. కప్పిన దుప్పటి అంచు దగ్గర ఇస్త్రీ కొంచెం వంకరగా ఉంది. అది తామిద్దరూ రోలరుకు అందించిన దుప్పటేనని ఆమె పోల్చుకుంది.

ఆమె మంచం మీద కూర్చుని పెద్దక్క మంచి చెయ్యి పట్టుకుంది. అక్కడ రొద లేదు, ఫ్యాను చప్పుడు తప్ప. అంత నిశ్శబ్దంలో ఎలా మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

"పట్టీ బాగుచేశారక్కా," అంది చివరికి.

"అవునా." పెద్దక్క కిటికీ వైపు చూసింది. "ఇంకేం, మంచిదే."

తర్వాత ఆమె వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు. అదే ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

"నువ్వన్నది విన్నానే. తల ఎత్తా. రెండోసారి అంటావు కదా, అప్పుడు తీద్దామని చూస్తున్నా." పెద్దక్క ఊపిరి తీసుకుంది. "ఎప్పుడూ రెండుసార్లు అనేదానివి. ఆ ఒక్కసారి ఎందుకు అనలేదే?"

మంచం కాళ్ల దగ్గర కూతురు నిలబడి ఉంది. ఫ్లాస్కు రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. ఏదో చెప్పబోతున్నట్టు పెదవులు కదిలాయి. తల్లి ఆ ముఖం చూసింది. ఆ వయసులో ఈ బరువు ఎత్తుకుంటే ఈ పిల్ల ఇక బతికినన్నాళ్లూ దించుకోలేదు.

"మర్చిపోయానక్కా," అంది ఆమె, పెద్దక్క చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని. "మర్చిపోయాను."

కూతురు వేలెత్తలేదు.